మెడ కొలిచారు, గొంతు స్కానింగ్ తీశారు. ఇంక నిద్ర పరీక్ష ఎందుకు?

మీ నాయనకు గాల్ బ్లాడర్ ఆపరేషన్ ముందు మత్తు డాక్టరు మెడ కొలిచి, గడ్డం కింద అల్ట్రాసౌండ్ చూసి, 'స్లీప్ ఆప్నియా ఉన్నట్టుంది' అన్నారు, అంటే నిద్రలో గాలిదారి మూసుకుని ఊపిరి ఆగి ఆగి వచ్చే జబ్బు. ఇంక రాత్రంతా పరీక్ష దండగ కదా అని మీ ప్రశ్న. దండగేం కాదు, చేయించండి.

మా నాయనకు తిరుపతిలో హెర్నియా ఆపరేషన్ ముందు ఇదే తంతు. గొంతుముడి కింద టేపు చుట్టారు, 44 సెంటీమీటర్లు. స్టాప్-బ్యాంగ్ అని 8 ప్రశ్నలుంటాయి. గురక, పగటి అలసట, నిద్రలో ఊపిరి ఆగడం ఎవరైనా చూశారా, బీపీ, బీఎంఐ (ఎత్తును బట్టి బరువు లెక్క) 35 పైనా, వయసు 50 దాటిందా, మెడ లావు, మగవాళ్లా. 5 గాని అంతకన్నా ఎక్కువ గాని వస్తే ముప్పు ఎక్కువని లెక్క. ఊపిరి సంగతికి జవాబు మా నాయన దగ్గర లేదు, మా అమ్మ దగ్గరుంది. 'గురక ఠక్కున ఆగిపోతే భయమేసి తట్టి లేపుతా' అని ఆమె చెప్పాకే డాక్టరు పెన్ను తీశారు.

స్కానింగ్‌కు వెల్లకిలా పడుకోబెట్టి, గడ్డం కింద జెల్ రాసి, గుటక వేయొద్దన్నారు. నాలుక ఎంత మందముంది, గొంతు పక్క గోడలు ఎంత లావున్నాయి అన్నవి చూస్తారు. నొప్పి లేదు, రేడియేషన్ లేదు. తిరకాసు ఏమంటే, చూసేది మెలకువలో. గాలిదారి మూసుకునేది నిద్రలో కండరాలు వదులైనప్పుడు. పైగా నాలుక ఇంత మందం దాటితే జబ్బే అని అందరూ ఒప్పుకున్న అంకె ఇంకా లేదు. అందుకే ఈ కొలతలు అనుమానం పెంచుతాయే గాని జబ్బును తేల్చవు. కొలతలు బాగున్నాయని ధీమా కూడా వద్దు. దవడ చిన్నగా వెనక్కుంటే సన్నటి మనిషికీ ఇది వస్తుంది, మనవాళ్లలో అలాంటి ముఖాలు తక్కువేం కాదు.

తేల్చేది రాత్రి పరీక్షే. గంటకు ఎన్నిసార్లు ఊపిరి ఆగింది, తగ్గింది అన్నది లెక్కేస్తారు. 5 లోపు మామూలు, 30 దాటితే తీవ్రం. మా నాయనకు 38 వచ్చింది, సీప్యాప్ పెట్టారు, అంటే నిద్రలో గాలిదారి మూసుకోకుండా మాస్కు గుండా గాలి ఒత్తే మిషను. మొదట్లో మాస్కుతో రోజూ గొడవే, అది వేరే కథ.

ఆపరేషన్ తొందర లేకపోతే పరీక్ష ముందే చేయించండి. తొందరైతే అనుమానం ఉందని మత్తు డాక్టరుకు మళ్లీ గుర్తుచేయండి. మత్తు మందులకు, కొన్ని బలమైన నొప్పి మందులకు గొంతు కండరాలు ఇంకా వదులై గాలిదారి మూసుకోవచ్చు. మీ నాయన ఘాట్ రోడ్డులో జీపు నడుపుతారన్నారు కదా, ఈ జబ్బుంటే పగలు కునుకు పట్టొచ్చు, రిపోర్టు వచ్చేదాకా స్టీరింగ్ ఇంకెవరికైనా ఇవ్వమనండి.