కారు లేకుండా గ్రేట్ షెల్ఫర్డ్‌లో కాపురం పెట్టవచ్చా?

కేంబ్రిడ్జ్‌లోని ఆడెన్‌బ్రూక్స్ ఆసుపత్రిలో ఉద్యోగం వచ్చింది. గ్రేట్ షెల్ఫర్డ్ అనే పల్లెలో ఇల్లు దొరికింది. కారు లేదు, చిన్న పాప ఉంది, పల్లెటూరంటే ఇంట్లోవాళ్లు జంకుతున్నారు. కొత్తగా వచ్చేవారికి ఉండే సందేహమే ఇది. ధైర్యంగా దిగండి అంటాను. కాకపోతే అద్దె సంగతి మాట్లాడే ముందు, ఆ ఇంటి నుంచి స్టేషనుకు ఎంతసేపు నడవాలో చూసుకోండి.

ఈ ఊరికి 1845లోనే రైలు వచ్చింది. కేంబ్రిడ్జ్‌కు కొద్ది నిమిషాల ప్రయాణం. అదే మార్గంలో అటువైపు లండన్ లివర్‌పూల్ స్ట్రీట్‌కు వెళ్లవచ్చు. రద్దీ లేని వేళల్లో రైళ్లు తక్కువ కాబట్టి ఒకటి తప్పితే చాలాసేపు ఆగాలి. స్టేషను పక్కనే లెవెల్ క్రాసింగు ఉంది. గేటు పడితే అవతలి ప్లాట్‌ఫారానికి చేరడం ఆలస్యమవుతుంది. కాస్త ముందే బయలుదేరండి.

ఆసుపత్రికి మాత్రం సైకిలే మేలు. రైలు పట్టాల వెంట వేసిన బాట మీద 2005లో 10,257 రంగు పట్టీలు గీశారు. రొమ్ము క్యాన్సర్‌తో సంబంధమున్న బీఆర్‌సీఏ2 జన్యువులోని డీఎన్‌ఏ అక్షరాల వరుస అది. నాలుగు రకాల అక్షరాలకు నాలుగు రంగులు. ఆ జన్యువు మీద పని చేసే వైద్యులూ శాస్త్రవేత్తలూ రోజూ దాని మీదుగానే పనికి వెళుతుంటారంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. డిసెంబరులో నాలుగు కాకముందే పొద్దు గుంకుతుంది. చీకట్లో సైకిలుకు ముందు తెల్లదీపం, వెనక ఎర్రదీపం ఉండాలని చట్టమే చెబుతుంది.

ఆ బాటకు దగ్గరలోనే నైన్ వెల్స్ అనే సుద్దనేల ఊటలున్నాయి. ఒకప్పుడు కేంబ్రిడ్జ్ పట్టణానికి మంచినీళ్లు ఇక్కడినుంచే వెళ్లేవి. 1610 తర్వాత కొన్నేళ్లలో తవ్విన ఆ కాలువకు హాబ్సన్ అనే బాడుగ గుర్రాల వ్యాపారి పేరే నిలిచిపోయింది. సెలవు రోజున పాపను తీసుకెళ్లండి. సెయింట్ మేరీస్ చర్చి కూడా చూపించండి. లోపలి తోరణం పైన అంతిమ తీర్పును చిత్రించిన మధ్యయుగపు గోడచిత్రం ఉంది.

ఊళ్లో కోఆప్ దుకాణం, గ్రంథాలయం, వైద్యుల క్లినిక్ ఉన్నాయి. వచ్చిన వారంలోనే జీపీ, అంటే కుటుంబ వైద్యుడి దగ్గర పేరు నమోదు చేయించుకోండి, జబ్బు చేసేదాకా ఆగవద్దు. కరివేపాకు, కందిపప్పు కావాలంటే కేంబ్రిడ్జ్ స్టేషనుకు దగ్గరలోని మిల్ రోడ్డుకు వెళ్లాలి. ప్రాథమిక పాఠశాల ఊళ్లోనే ఉంది కానీ, ఇల్లు ఇక్కడ ఉన్నంత మాత్రాన సీటు ఖాయం కాదు. అద్దె ఒప్పందం మీద సంతకం చేసే ముందే కౌంటీ కౌన్సిల్‌కు ఫోను చేసి ఖాళీలు కనుక్కోండి. పెద్ద తరగతులకు చాలామంది పిల్లలు పక్కనున్న సాస్టన్ విలేజ్ కాలేజీకి వెళతారు. పగలు పిల్లలకు బడిగా, సాయంత్రం ఊరివారందరికీ విద్యాకేంద్రంగా ఉండాలని ఈ కౌంటీ విద్యాధికారి హెన్రీ మోరిస్ తలపెట్టిన బడుల్లో మొదటిది అదే, 1930లో తెరిచారు.

అద్దెలు ఇక్కడ చవక కావు. దానికి తోడు కౌన్సిల్ టాక్సు అనే స్థానిక పన్ను సాధారణంగా అద్దెకున్నవారే కట్టాలి, కాబట్టి ఇంటిది ఏ బ్యాండో (పన్ను శ్రేణి) ముందే అడగండి. కారు కొనే తొందర వద్దు. ఇక్కడ స్థిరపడిన నాటి నుంచి 12 నెలలు మన భారతీయ లైసెన్సుతోనే నడపవచ్చు. ఒక చలికాలం గడిచాక అవసరమనిపిస్తే అప్పుడు కొనండి.