నిద్ర తగ్గినా, మాత్ర వేసుకున్నా ఎన్-బ్యాక్ స్థాయి ఎందుకు పడిపోతుంది?

కొన్ని వారాలుగా డ్యూయల్ ఎన్-బ్యాక్ (చూసినదాన్నీ, విన్నదాన్నీ ఒకేసారి గుర్తుంచుకునే జ్ఞాపకశక్తి ఆట) సాధన చేస్తున్నాననీ, నాలుగో స్థాయి దాకా వెళ్లాక కొన్ని రోజులు ఉన్నట్టుండి రెండుకు పడిపోతున్నాననీ మీరు రాశారు. రాత్రి అయిదారు గంటలే నిద్ర పడుతోందనీ, తుమ్ములకు క్లోర్‌ఫెనిరమైన్ కలిసిన జలుబు మాత్ర వేసుకుంటున్నాననీ చెబుతూ, మానవలసింది సాధననా, మాత్రనా అని అడిగారు.

సాధన మానవలసిన అవసరం లేదు. మాత్ర సంగతి వైద్యులతో మాట్లాడి తేల్చుకోవాలి. అంతకన్నా ముందు సరిచేసుకోవలసింది నిద్ర. ఏ రోజు స్కోరైనా మీ సామర్థ్యం ఎంతో చెప్పడం కన్నా, ఆ రోజు మీ మెదడు ఏ స్థితిలో ఉందో చెప్పడమే ఎక్కువ. నా అనుభవంలో ఈ తేడా అర్థమయ్యాకే సాధన మీద అనవసరమైన బెంగ పోయింది.

గళ్లలో కదిలే చతురస్రాన్నీ, చెవిన పడే అక్షరాన్నీ ఒకేసారి గుర్తుంచుకుని, స్థాయిని బట్టి రెండో, మూడో, నాలుగో అడుగుల వెనక వచ్చినదానితో పోల్చి, పాతదాన్ని వదిలేసి కొత్తదాన్ని చేర్చుకుంటూ పోవడమే ఈ ఆటలోని కష్టం. ఈ పనిలో ప్రధాన పాత్ర నుదుటి వెనక ఉండే ప్రీఫ్రంటల్ కార్టెక్స్‌ది. అక్కడ డోపమైన్, నోరడ్రినలిన్ అనే మెదడు రసాయనాలు తక్కువైనా ఇబ్బందే, మరీ ఎక్కువైనా ఇబ్బందే. నిద్రలేమి గానీ, మత్తు కలిగించే మందు గానీ మాట్లాడటం, నడవడం వంటి అలవాటైన పనుల్లో బయటపడకముందే ఇలాంటి ఆటలో బయటపడుతుంది.

నేను విజయవాడలో అకౌంట్స్ పని చేస్తాను. మా కార్యాలయంలో చాలా ఖాతాలకు జీఎస్టీఆర్-3బి అనే జీఎస్టీ రిటర్న్ గడువు ప్రతి నెలా 20వ తేదీ కాబట్టి, దానికి ముందు వారమంతా రాత్రి పొద్దుపోయేదాకా కూర్చోవలసి వస్తుంది. స్కోర్ల పక్కన నిద్రపోయిన గంటలు కూడా రాసుకోవడం మొదలుపెట్టాక, నా పతనాలన్నీ దాదాపు ఆ వారంలోనే, లేదా అది ముగిసిన మర్నాడు, ఆ మరుసటి రోజు వస్తున్నాయని కనిపించింది. విచిత్రమేమిటంటే ఆ రోజుల్లో నాకు పెద్దగా నిద్రమత్తు ఉన్నట్టే అనిపించేది కాదు. ఇది నా ఒక్కరి అనుభవం కాదు. 2003లో హాన్స్ వాన్ డోంగెన్ బృందం ప్రచురించిన ప్రయోగంలో, వరుసగా 14 రోజులు రాత్రికి ఆరు గంటలు, అంతకన్నా తక్కువ నిద్రకు పరిమితమైనవారిలో కనిపించిన లోపం రెండు రాత్రులు పూర్తిగా మేలుకున్నవారి స్థాయి దాకా చేరింది. తాము అంతగా దెబ్బతిన్నామని మాత్రం వారిలో చాలామందికి తెలియలేదు. కాబట్టి ‘నాకు అయిదున్నర గంటలు సరిపోతాయి’ అనిపించడాన్ని రుజువుగా తీసుకోకండి.

నిద్ర తగ్గితే రెండో నష్టం కూడా ఉంది. కెనిచి కురియామా బృందం 2008లో ప్రచురించిన పరిశోధనలో, ఎన్-బ్యాక్ సాధన తర్వాత రాత్రి నిద్రపోయినవారిలో కనిపించిన మెరుగుదల అంతే సమయం పగలు మేలుకుని గడిపినవారిలో కనిపించలేదు. అంటే మర్నాడు ఆడేటప్పుడు తడబడటమే కాక, నిన్న చేసిన సాధన కుదురుకునే అవకాశం కూడా పోతుంది. నిద్ర మానుకుని అదనంగా మరో అరగంట సాధన చేయడం నా దృష్టిలో చేతిలో ఉన్నదాన్ని పోగొట్టుకోవడమే.

మందుల విషయానికొస్తే, మైగ్రేన్ రాకుండా నాకు వైద్యులు తక్కువ మోతాదులో అమిట్రిప్టిలిన్ రాసినప్పుడు ఉదయం సాధన బాగా మందగించింది, సాయంత్రానికి తేరుకునేది. ఈ మందు మెదడులో జ్ఞాపకానికి అవసరమైన ఎసిటైల్‌కొలిన్ అనే రసాయనం పనిని అడ్డుకుంటుంది, ఒంట్లో చాలాసేపు నిలిచి ఉంటుంది. నా రాతలు చూపిస్తే, పడుకునే ముందు కాక రాత్రి భోజనానికి ముందే వేసుకోమని వైద్యులు సమయం మార్చారు; ఉదయపు మబ్బుతనం చాలావరకు తగ్గింది. తలనొప్పులు తగ్గడం వల్ల నిద్ర కూడా మెరుగుపడింది కాబట్టి, ఆ మందును సాధనకు శత్రువుగా చూసి మానేసి ఉంటే నష్టపోయేది నేనే.

మీ మాత్రలోని క్లోర్‌ఫెనిరమైన్ పాత తరం యాంటీహిస్టమిన్ (అలర్జీ మందు). అది మెదడులోకి సులభంగా చేరుతుంది, పెద్దవారిలో దాని అర్ధాయువు, అంటే ఒంట్లో అది సగానికి తగ్గే సమయం, సుమారు 20 గంటలు. అందువల్ల రాత్రి వేసుకున్నది మర్నాటి సాధన వేళకు కూడా గణనీయంగా మిగిలే ఉంటుంది. పైగా అది మత్తునిస్తుంది కాబట్టి మంచి నిద్ర పట్టిందనే భ్రమ కలుగుతుంది. మెదడులోకి దాదాపు చేరని ఫెక్సోఫెనడిన్ వంటిది మీకు సరిపోతుందా అని వైద్యులను అడగండి. ఆందోళనకు ఇచ్చే ఆల్‌ప్రజోలమ్, క్లోనజెపామ్ వంటివి, మూర్ఛకూ మైగ్రేన్‌కూ ఇచ్చే టోపిరమేట్ కూడా జ్ఞాపకశక్తి మీద ప్రభావం చూపగలవు, కానీ వీటిని ఎవరూ సొంతంగా ఆపకూడదు, ముఖ్యంగా మొదటి రెండింటినీ ఉన్నట్టుండి ఆపడం ప్రమాదకరం. ఏడీహెచ్‌డీకి (ఏకాగ్రత నిలవని సమస్యకు) ఇచ్చే మిథైల్‌ఫెనిడేట్ ఆ సమస్య ఉన్నవారిలో వర్కింగ్ మెమరీకి, అంటే పని చేస్తున్నంతసేపు విషయాన్ని మనసులో నిలుపుకునే శక్తికి, సాయపడుతుంది. పొద్దు వాలాక వేసుకుంటే మాత్రం నిద్రను వెనక్కి నెడుతుంది. సాయంత్రం కాఫీ చేసే పని కూడా అదే.

రోజూ ఒకే వేళకు సాధన చేసి, పక్కన నిద్ర గంటలు, మాత్ర వేసుకున్న సమయం, కాఫీ రాసుకోండి. ఒక్కరోజు అంకెను పట్టించుకోకుండా వారపు సగటును చూడండి. అలసిన రోజున సాధనను సగానికి తగ్గించినా ఏమీ కాదు.

ఈ ఆట మీద ఎంత ఆశ పెట్టుకోవాలో కూడా చెప్పాలి. 2008లో సుసానె యేగి బృందం దీనివల్ల తార్కిక బుద్ధి పెరుగుతుందని చెప్పినప్పుడు చాలామంది ఉత్సాహపడ్డారు. 2013లో మోనికా మెల్బీ-లెర్వాగ్, చార్లెస్ హ్యూమ్ అనేక అధ్యయనాలను కలిపి చూసినప్పుడు, సాధన చేసిన ఆటలో, దానిని పోలిన పనుల్లో వచ్చే మెరుగుదల చదువుకో, సాధారణ తెలివికో పాకుతుందనడానికి నమ్మదగిన ఆధారం దొరకలేదు. నేను సాధన కొనసాగిస్తున్నాను, ఎందుకంటే నాకు అది ఇష్టం, నా నిద్ర ఎలా ఉందో అది తొందరగా పట్టిస్తుంది.

మీరు ఏడెనిమిది గంటలు పడుకున్నా పగలు తూలుతూ ఉంటే, గట్టిగా గురక పెడుతున్నారని ఇంట్లోవాళ్లు అంటుంటే, స్లీప్ ఆప్నియా (నిద్రలో మధ్యమధ్య ఊపిరి ఆగే సమస్య) పరీక్ష చేయించుకోండి. ఇక ఆ జలుబు మాత్ర వేసుకున్న మర్నాడు ఉదయం బండి నడపకుండా బస్సులోనో, ఆటోలోనో వెళ్లమని మిమ్మల్ని గట్టిగా కోరుతున్నాను.