ఐ3 తీసి ఐ5 పెడితే ఫ్యాన్ తిరుగుతోంది, డిస్‌ప్లే రావడం లేదు. ప్రాసెసర్ పోయినట్టేనా?

పోలేదనే నేను అనుకుంటున్నాను. ఆ ఐ5ని పారేయకండి, ఎవరికో సగం ధరకి ఇచ్చేయకండి.

మీరు చెప్పినదాన్ని ముందు ఒకచోట పెట్టుకుందాం. మీది హెచ్61 చిప్‌సెట్ బోర్డున్న అసెంబుల్డ్ సిస్టమ్. అందులో ఐ3-2120, నాలుగేసి జీబీల ర్యాములు రెండు. మీ బావగారి సిస్టమ్‌లో బోర్డు పోతే అందులోని ఐ5-3470 మీకిచ్చారు. రెండూ 1155 సాకెట్టే (సాకెట్ అంటే బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే చోటు) కదా అని మార్చారు. ఫ్యాన్ తిరిగింది, మానిటర్ నల్లగానే ఉండిపోయింది. కంగారుపడి పాత ఐ3 మళ్ళీ పెడితే సిస్టమ్ లేచింది, కానీ 8 జీబీకి బదులు 4 జీబీయే చూపిస్తోంది. ఇప్పుడు పోయింది ఐ5నా, బోర్డా, ర్యామా అన్నది మీ అనుమానం.

ఇవి రెండు వేరువేరు సమస్యలు. ఒకదాని వల్ల రెండోది వచ్చిందని అనుకోవడం వల్లే మీకు దారి కనబడడం లేదు. నాకూ ఒకసారి సరిగ్గా ఇలాగే జరిగింది కాబట్టి ఇంత గట్టిగా చెప్తున్నాను.

నేను సూర్యాపేటలో ఒక జూనియర్ కాలేజీ ల్యాబు చాలా ఏళ్ళు చూసుకున్నాను. 22 సిస్టమ్‌లు, చాలావరకు హెచ్61 బోర్డులు, ఐ3లు. పిల్లలు ప్రోగ్రాములు కంపైల్ చేసేటప్పుడు పడే అవస్థ చూడలేక, యాజమాన్యాన్ని ఒప్పించి సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ల మార్కెట్ సీటీసీకి వెళ్ళి మూడు పాత ఐ5-3470లు కొనుక్కొచ్చాను. మొదటిది పెట్టాను, డిస్‌ప్లే లేదు. రెండోది, మూడోది కూడా అంతే. మూడింటికి మూడూ పాడైనవే అంటగట్టారని మర్నాడు మొదటి బస్సుకే బయల్దేరి వెళ్ళాను. షాపతను ఒక్క మాట ఎదురు మాట్లాడకుండా మూడింటినీ ఒకదాని తర్వాత ఒకటి తన బోర్డు మీద పెట్టి చూపించాడు. మూడూ లేచాయి. "అన్నా, ప్రాసెసర్లు మంచిగనే ఉన్నయ్. మీ బోర్డుకే ఇది ఎరుకలేదు. పోయి బయోస్ ఎక్కించుకో" అన్నాడు. ఆ మాటే మీకూ జవాబు. బయోస్ అంటే ఆన్ చేయగానే సిస్టమ్‌ని నిద్రలేపే, బోర్డులోనే ఉండే ప్రోగ్రాం.

హెచ్61 బోర్డులు 2011 మొదట్లో వచ్చాయి. అప్పటికి మార్కెట్లో ఉన్నవి రెండో తరం ప్రాసెసర్లు, అంటే 2తో మొదలయ్యే నాలుగంకెల నంబరున్నవి. మీ ఐ3-2120 ఆ తరానిదే. ఐ5-3470 మూడో తరం, 2012 జూన్‌లో వచ్చింది. 2011లో తయారైన బోర్డులోని బయోస్‌కి ఏడాది తర్వాత పుట్టబోయే ప్రాసెసర్ సంగతి ఎలా తెలుస్తుంది? కరెంటు వెళ్తుంది, ఫ్యాన్ తిరుగుతుంది, కానీ ఆ ప్రాసెసర్‌ని నిద్రలేపడానికి కావలసిన కోడ్ బోర్డులో ఉండదు. పైగా ఇంటెల్ బోర్డుల్లో బయోస్‌తో పాటు మేనేజ్‌మెంట్ ఇంజిన్ అనే ఇంకో ఫర్మ్‌వేర్ ఉంటుంది. రెండో తరానికి దాని 7వ వెర్షన్ సరిపోయేది, మూడో తరానికి 8వ వెర్షన్ కావాలి. హెచ్61 బోర్డు కంపెనీలు చాలామటుకు ఈ రెండింటినీ కలిపే అప్‌డేట్ ఇచ్చాయి.

కాబట్టి మీ ఐ3 ఇప్పుడు బంగారంతో సమానం. ఆ అప్‌డేట్ ఎక్కించాలంటే బోర్డు గుర్తుపట్టే ప్రాసెసర్ లోపల ఉండాలి కదా. చాలామంది పాతది అమ్మేసి కొత్తది కొంటారు, తర్వాత అప్‌డేట్ చేసే దారే లేక షాపుల చుట్టూ తిరుగుతారు. కొత్తది ఒక నెల సరిగ్గా నడిచేదాకా పాత ప్రాసెసర్ ఇంట్లోనే ఉంచుకోండి.

అయితే అప్‌డేట్ జోలికి ఇప్పుడే వెళ్ళొద్దు. ముందు ఆ 4 జీబీ సంగతి తేలాలి. సగం ర్యామ్ కనబడని బోర్డు మీద బయోస్ రాయడం నాకు ఇష్టం ఉండదు.

పాత 775 సాకెట్ రోజుల్లో, అంటే కోర్ 2 డ్యుయోల కాలంలో, ర్యామ్‌ని నడిపే కంట్రోలర్ బోర్డు మీది నార్త్‌బ్రిడ్జ్ చిప్‌లో ఉండేది. ఈ 1155 తరంలో అది ప్రాసెసర్ లోపలే ఉంది. ర్యామ్ స్లాట్ నుంచి వచ్చే తీగలు నేరుగా సాకెట్ పిన్నుల గుండా ప్రాసెసర్‌లోకి వెళ్తాయి. సాకెట్‌లో 1155 పిన్నులుంటే అందులో ఒక్కటి వంగినా, ఒక్కదాని మీద ప్రాసెసర్‌కీ హీట్‌సింక్‌కీ మధ్య రాసే పేస్ట్ పడినా ఒక ఛానెల్, అంటే ర్యామ్‌కీ ప్రాసెసర్‌కీ మధ్యనున్న ఒక దారి, మొత్తం మాయమవ్వొచ్చు. హెచ్61 బోర్డులో ఛానెల్‌కి ఒక స్లాట్ లెక్కన రెండే స్లాట్లుంటాయి కాబట్టి, ఛానెల్ పోతే స్లాట్ పోయినట్టే కనిపిస్తుంది. మీకు సరిగ్గా సగం ర్యామ్ కనబడకపోవడానికి ఇదే కారణం కావచ్చు. కాకపోతే మీ చెయ్యి తగిలి ఒక ర్యామ్ కాస్త లేచి ఉంటుంది. ముందు తేలికదే చూద్దాం.

సిస్టమ్ ఆపి, వైరు గోడ నుంచి పీకి, పవర్ బటన్ పది సెకన్లు నొక్కి పట్టుకోండి. రెండు ర్యాములూ తీసి వాటి బంగారు రంగు అంచుల్ని పెన్సిల్ రబ్బరుతో నెమ్మదిగా తుడవండి. ఇప్పుడు ఒక్క ర్యామే ఒక స్లాట్‌లో పెట్టి ఆన్ చేయండి, తర్వాత అదే ర్యామ్ రెండో స్లాట్‌లో. రెండో ర్యామ్‌తోనూ ఇంతే. నాలుగు ప్రయత్నాలు, పదిహేను నిమిషాల పని. ఒక ర్యామ్ ఏ స్లాట్‌లోనూ లేవకపోతే తప్పు ర్యామ్‌ది. రెండు ర్యాములూ ఒకే స్లాట్‌లో లేవకపోతే తప్పు ఆ స్లాట్‌దీ కాకపోవచ్చు, సాకెట్ విప్పి చూడాల్సిందే.

సాకెట్ చూసే పద్ధతి ఒకటుంది. హీట్‌సింక్ (ప్రాసెసర్ మీద ఫ్యాన్‌తో ఉండే లోహపు దిమ్మ), ప్రాసెసర్ తీసేశాక గదిలో లైటు ఆపి, మొబైల్ టార్చ్ పక్కనుంచి ఏటవాలుగా వేయండి. ఇంకో ఫోనుతో పైనుంచి దగ్గరగా ఫోటో తీసి పెద్దది చేసి చూడండి. పిన్నులన్నీ నారు వేసిన మడిలా ఒకే వాలులో మెరుస్తాయి. వంగినది ఆ వరుసలో వేరేగా మెరుస్తుంది, లేదా అక్కడ చిన్న చీకటి గుంటలా కనిపిస్తుంది. కంటితో పదిసార్లు చూసి నేను కనిపెట్టలేని పిన్నుని ఫోటోలో మా ల్యాబు కుర్రాడు ఒక్క చూపులో పట్టాడు. ప్రాసెసర్ దించేటప్పుడు ఒక మూల ముందు జారితే ఇలా వంగుతుంది. అందుకే ప్రాసెసర్ పక్కనున్న రెండు గాట్లూ సాకెట్‌లోని గాట్లతో కలిసేలా, త్రిభుజం గుర్తున్న మూల చూసుకుని, నిలువుగా దించి వదిలేయాలి. లోపలికి నొక్కకూడదు, అటూ ఇటూ జరపకూడదు. లివర్ వేసేటప్పుడు మాత్రం కిర్రుమని గట్టిగానే ఉంటుంది, దానికి భయపడక్కర్లేదు.

పిన్ను వంగి ఉంటే సన్నటి సూదితో, ఊపిరి బిగబట్టి, పక్క పిన్నుల వాలుకి తేవాలి. ఒకటి రెండు కదలికల్లోనే అయిపోవాలి. ముందుకీ వెనక్కీ నాలుగుసార్లు వంచితే విరిగిపోతుంది. చెయ్యి వణికే అలవాటుంటే, దగ్గర్లో మొబైల్ చిప్‌లెవెల్ పని చేసేవాళ్ళ దగ్గర మైక్రోస్కోప్ ఉంటుంది, వాళ్ళ దగ్గరికి తీసుకెళ్ళండి. పిన్నుల మీద పేస్ట్ పడి ఉంటే దూదితో మాత్రం తుడవొద్దు. దూది పోగు పిన్నుకి తగులుకుని దాన్ని లాగేస్తుంది. మొబైల్ రిపేర్ షాపుల్లో దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాల్, మెత్తటి కుంచె వాడండి.

నా ల్యాబులో ఆ రోజు వంగినవి రెండు పిన్నులు. సరిచేశాక రెండో ర్యామ్ కనిపించింది. అది ఐ5 తప్పూ కాదు, బయోస్ తప్పూ కాదు. చీకటి పడ్డాక హడావిడిగా మూడు ప్రాసెసర్లు మార్చి మార్చి పెట్టిన నా చేతి తప్పు. ఒకసారికి ఒక్కటే మార్చి, ఆన్ చేసి చూసి, కాగితం మీద రాసుకుని తర్వాతది మార్చడం అప్పటినుంచి అలవాటు చేసుకున్నాను.

8 జీబీ మళ్ళీ కనిపించాక బయోస్ పనికి రండి. బోర్డు మోడల్ బోర్డు మీదే పెద్దక్షరాలతో ఉంటుంది, దాని పక్కనో మూలనో రివిజన్ నంబరుంటుంది. రెండూ రాసుకోండి, ఎందుకంటే ఒకే మోడల్‌కి రివిజన్ మారితే బయోస్ ఫైలూ మారుతుంది. కంపెనీ వెబ్‌సైట్‌లో ఆ బోర్డు పేజీలో సీపీయూ సపోర్ట్ లిస్ట్ అని ఉంటుంది. అందులో ఐ5-3470 వెతికితే, ఏ బయోస్ వెర్షన్ నుంచి నడుస్తుందో ఎదురుగా ఉంటుంది. మీ బోర్డులో ఇప్పుడున్న వెర్షన్ విండోస్‌లో సిస్టమ్ ఇన్ఫర్మేషన్‌లో కనిపిస్తుంది. కొన్ని బోర్డులకి నేరుగా చివరి వెర్షన్‌కి వెళ్ళకుండా మధ్యలో ఒకటి ఎక్కించాలని ఆ పేజీలోనే రాసి ఉంటుంది, చదవకుండా దాటేయొద్దు. యూపీఎస్ లేకుండా ఈ పని చేయొద్దు. బయోస్ రాస్తుండగా కరెంటు పోతే బోర్డు లేవదు, అప్పుడు చిప్ తీసి ప్రోగ్రామర్‌తో రాయించాల్సి వస్తుంది. ఇంట్లో యూపీఎస్ లేకపోతే ఒక పూటకి ఎవరిదగ్గరైనా అడిగి తెచ్చుకోండి.

అప్‌డేట్ అయ్యాక ఐ3తోనే ఒకసారి ఆన్ చేసి, వెర్షన్ మారిందని కంటితో చూసుకుని, అప్పుడు ఐ5 పెట్టండి. బోర్డు మీది గుండ్రటి సీఆర్2032 సెల్లు ఐదు నిమిషాలు తీసి మళ్ళీ పెట్టండి. మొదటిసారి లేవడానికి కాస్త ఆలస్యం కావచ్చు, ఒకటి రెండుసార్లు తనంతట తానే ఆగి లేవచ్చు, కంగారుపడొద్దు.

అయినా నల్లగానే ఉంటే రెండు చూడండి. ప్రాసెసర్ దగ్గరుండే నాలుగు పిన్నుల 12 వోల్టుల కనెక్టర్ పెట్టారా? అది మర్చిపోతే ఫ్యాన్లన్నీ తిరుగుతాయి, డిస్‌ప్లే మాత్రం రాదు. రెండోది, రెండు ర్యాములూ తీసేసి ఆన్ చేయండి. బోర్డుకి చిన్న స్పీకర్ తగిలించి ఉంటే, ర్యామ్ లేదని బీప్‌లు కొడుతుంది. ఆ బీప్ వచ్చిందంటే ప్రాసెసర్ బతికే ఉంది, బయోస్ కోడ్ నడుపుతోంది అని అర్థం. ప్రాసెసర్ మీద నమ్మకం పోయినప్పుడల్లా నేను చేసే మొదటి పరీక్ష ఇదే.

డిస్‌ప్లే వచ్చి రెండు మూడు నిమిషాలకి ఆగిపోతే మాత్రం అది వేడి. హీట్‌సింక్ నాలుగు కాళ్ళలో ఒకటి సరిగ్గా దిగి ఉండదు. పాత పేస్ట్ పూర్తిగా తుడిచి, రెండు బియ్యపు గింజలంత కొత్తది పెట్టండి. ఫ్యాన్ మార్చాల్సి వస్తే 775 కాలపు ఫ్యాన్ తెచ్చుకోకండి. దాని రంధ్రాల మధ్య దూరం 72 మిల్లీమీటర్లు, మీ బోర్డుది 75.

ఇంకో మాట, మీలాగే అడిగేవాళ్ళు ఇంకా ఉంటారని రాస్తున్నాను. ఆఫీసుల్లో వాడి అమ్మేసిన బ్రాండెడ్ పెట్టెల్లో కొన్నిటికి క్యూ65, క్యూ67, బీ65 చిప్‌సెట్లుంటాయి. ఇవీ 1155 సాకెట్టే. కానీ వీటికి మూడో తరం సపోర్టు ఇంటెల్ ఇవ్వలేదు. నా మూడు ఐ5లలో ఒకదాన్ని అలాంటి క్యూ65 పెట్టెలో పెట్టడానికి రెండు సాయంత్రాలు పోగొట్టుకున్నాను. అక్కడ రెండో తరం ఐ5-2400 పెడితే మొదటిసారే లేచింది. తర్వాత తక్కువ ధర చూసి జియాన్ ఈ3-1230 కొనేవాళ్ళు: అందులో గ్రాఫిక్స్ లేదు, విడిగా గ్రాఫిక్స్ కార్డు లేకపోతే బోర్డు పోర్టులోంచి డిస్‌ప్లే ఎప్పటికీ రాదు. నాలుగో తరం, అంటే 4తో మొదలయ్యేవి, 1150 సాకెట్‌వి, మీ బోర్డులో కూర్చోవు.

మీరు అడగకపోయినా ఒకటి చెప్పాలి. ఐ5 ఉచితంగా వచ్చింది కాబట్టి ఈ శ్రమ తప్పకుండా పడొచ్చు. రెండు కోర్ల నుంచి నాలుగు కోర్లకి వెళ్తారు, తేడా తెలుస్తుంది. కానీ జేబులోంచి డబ్బు పెట్టేటట్టయితే, హార్డ్‌డిస్క్ ఇంకా పాతదే ఉంటే, ముందు దాని బదులు వేసే వేగమైన డ్రైవ్, అంటే ఎస్ఎస్‌డీ, కొనండి. హెచ్61లో డ్రైవ్ తగిలించే సాటా పోర్టు వేగం సెకనుకి 3 గిగాబిట్లే అయినా సరే, ఆన్ అవ్వడంలో, ఫైళ్ళు తెరవడంలో కనిపించే మార్పు ప్రాసెసర్‌తో రాదు. మా ల్యాబులో పిల్లలు "సార్, కొత్త సిస్టమ్‌లు తెచ్చారా?" అని అడిగింది ఎస్ఎస్‌డీలు వేసిన రోజే.

మీ బావగారి పాత బోర్డులో మీ ఐ3 పెట్టి "పరీక్షిద్దాం" అని మాత్రం అనుకోకండి. ఆ బోర్డు ఎలా పోయిందో తెలియదు. ప్రాసెసర్‌కి కరెంటు ఇచ్చే భాగం కాలి పోయి ఉంటే, అది మీ చేతిలో బతికున్న ఒక్క ప్రాసెసర్‌నీ తీసుకుపోతుంది. అసలు అది ఎలా పోయిందో ఆయన్ని అడగండి. పిడుగు పడ్డ రోజు పోయిందంటే ఐ5 మీద నా నమ్మకం కొంచెం తగ్గుతుంది. మామూలుగా ఒకరోజు ఆగిపోయిందంటే ధైర్యంగా ముందుకెళ్ళొచ్చు.

బోర్డు మోడల్, రివిజన్, ఇప్పుడున్న బయోస్ తేదీ, నాలుగు ర్యామ్ ప్రయత్నాల్లో ఏం జరిగిందీ కింద రాయండి. సాకెట్ ఫోటో కూడా పెట్టండి, వంగిన పిన్ను ఉంటే ఎక్కడుందో గుర్తు పెట్టి చూపిస్తాను.