కాన్పు తెనాలిలో, డబ్బు బెంగళూరులో

ప్రశ్న: నాకు 37వ వారం. తొలి కాన్పుకి పుట్టింటికి, తెనాలి వచ్చాను. మావారి ఉద్యోగం బెంగళూరులో. వాళ్ల కంపెనీ ఇన్సూరెన్స్‌లో కాన్పుకి 50,000 వరకు వస్తుందట. ఇక్కడి ప్రైవేటు ఆసుపత్రిలో నార్మల్ అయితే 60,000, సిజేరియన్ అయితే లక్ష దాటుతుందన్నారు. ఆయన పేరిట లక్షన్నర ఎఫ్‌డీ ఉంది. దాన్ని కదపకుండా పర్సనల్ లోన్ తీసుకుందామంటున్నారు. అమ్మేమో తన గొలుసు తాకట్టు పెడతానంటోంది. ఏది మేలు?

జవాబు: రెండూ వద్దమ్మా. ఎఫ్‌డీ తీసేయండి, అదీ ఈ వారంలోనే. గడువుకి ముందే తీస్తే చాలా బ్యాంకులు వడ్డీలో అర శాతం నుంచి ఒక శాతం కోసుకుంటాయి, అసలు పోదు. లక్షన్నర మీద ఏడాదికి ఒక శాతమంటే 1,500 రూపాయలే. పర్సనల్ లోన్ వడ్డీ దీనికి ఎన్నో రెట్లు.

మీకున్న అసలు ఇబ్బంది డబ్బు చాలకపోవడం కాదు, అది మీ దగ్గర లేకపోవడం. నొప్పులు అర్ధరాత్రి మొదలైతే మీవారు బయల్దేరి వచ్చేసరికి తెల్లారిపోతుంది. ఆసుపత్రిలో అడ్వాన్స్ కట్టాల్సింది మీ నాన్నగారో అమ్మగారో. అందుకని 70,000 వాళ్ల ఖాతాలోకే ఇప్పుడే పంపించమనండి. మీ కార్డు, పిన్ వాళ్లకివ్వడం కన్నా ఇదే క్షేమం. మందుల షాపుకీ ఆటోకీ పదివేలు నగదుగా ఇంట్లో ఉంచండి. మిగతాది మీవారి సేవింగ్స్ ఖాతాలో ఉండనివ్వండి. బిడ్డని ఒకటి రెండు రోజులు ఎన్ఐసీయూలో (పసిపిల్లల ఐసీయూలో) పెట్టాల్సి వస్తే బిల్లు ఒక్కసారిగా పెరుగుతుంది, అది అప్పటికి.

ఇక ఇన్సూరెన్స్. తెనాలి ఆసుపత్రి ఆ పాలసీ నెట్‌వర్క్‌లో, అంటే ఆ ఇన్సూరెన్స్ కంపెనీతో ఒప్పందం ఉన్న ఆసుపత్రుల జాబితాలో, ఉందా అని ముందు కనుక్కోండి. లేకపోతే క్యాష్‌లెస్ (బిల్లు ఇన్సూరెన్స్ కంపెనీయే నేరుగా ఆసుపత్రికి కట్టడం) కుదరకపోవచ్చు, మొత్తం మీరే కట్టి తర్వాత క్లెయిమ్ చేసుకోవాల్సి రావచ్చు. అప్పుడు డిశ్చార్జ్ సమ్మరీ, బిల్లులు, రసీదులు అన్నీ ఒరిజినల్సే కావాలి. ఒక ఫైలు పెట్టి అమ్మగారికి అప్పజెప్పండి. రూమ్ అద్దె పరిమితి కూడా అడగండి. పాలసీ రోజుకి 3,000 ఇస్తుంటే మీరు 6,000 రూమ్ తీసుకున్నారనుకోండి, అద్దెలో తేడా ఒక్కటే కాదు, డాక్టర్ ఫీజు, ఆపరేషన్ థియేటర్ ఛార్జీలు కూడా అదే లెక్కన కోసేసే పాలసీలు చాలా ఉన్నాయి. ఏసీ డీలక్స్ గది కోసం అంత పోగొట్టుకోవద్దు.

బిడ్డకి కవరేజీ ఏ రోజు నుంచి, పేరు ఎన్ని రోజుల్లోగా చేర్పించాలి అనేది మీవారు హెచ్‌ఆర్‌ని మెయిల్‌లో అడిగి, జవాబు దాచుకోవాలి. చాలా కంపెనీల్లో గడువు 30 రోజులే. పుట్టుక నమోదుకి 21 రోజుల గడువు ఉంది, ఆ పని నాన్నగారికి చెప్పండి.

మీరూ ఉద్యోగం చేస్తుంటే, కాన్పుకి ముందు 12 నెలల్లో కనీసం 80 రోజులు పనిచేసినవారికి తొలి కాన్పుకి 26 వారాల జీతంతో సెలవు చట్టప్రకారం హక్కు. పది, అంతకన్నా ఎక్కువమంది పనిచేసే సంస్థలన్నిటికీ ఇది వర్తిస్తుంది. అడగడానికి మొహమాటపడకండి.

ఒకవేళ ఏ కారణంగానైనా ప్రభుత్వాసుపత్రికి వెళ్లాల్సి వస్తే డబ్బు గురించి భయం వద్దు. జననీ శిశు సురక్ష పథకం కింద అక్కడ సిజేరియన్ సహా కాన్పు, మందులు, పరీక్షలు, రక్తం అన్నీ ఉచితం. 108 కూడా ఉచితమే. ఆ నంబరుకి ఫోన్ చేసినప్పుడు చెప్పాల్సిన ఇంటి అడ్రసు, దగ్గర్లోని గుర్తు ఒక కాగితం మీద రాసి ఫోన్ దగ్గర పెట్టండి.