చిన్న క్లాసులకి మేడం గారు, హెడ్మాస్టర్ కుర్చీలో మాత్రం మాస్టారే ఎందుకు?

మీరడిగింది అమలాపురం, రాజోలు వైపు చాలా స్కూళ్ళలో కనపడేదేనండి, ఒకటి రెండు క్లాసులు మేడం గారికి, పై క్లాసుల లెక్కలూ ఫిజిక్సూ మాస్టారికి. చిన్నపిల్లల్ని సముదాయించడం ఆడవాళ్ళకి పుట్టుకతోనే వస్తుందంటారు గానీ అది తప్పు, ఎందుకంటే ఒకప్పుడు వీధిబడుల్లో అ ఆలు దిద్దించిన పంతుళ్ళు దాదాపు అందరూ మగవాళ్ళే. కందుకూరి వీరేశలింగం గారు ధవళేశ్వరంలో ఆడపిల్లల బడి పెట్టిందే 1874లో, మరి ముందు చదువుకుంటేనే కదా టీచర్లయ్యేది, అలా ఆడవాళ్ళు ఈ ఉద్యోగంలోకి లేటుగా వచ్చారు.

ఇప్పుడు ప్రభుత్వ టీచర్లని తీసుకునే డీఎస్సీలో మహిళలకి మూడో వంతు రిజర్వేషన్ ఉంది, ఎస్జీటీలుగా, అంటే చిన్న క్లాసుల టీచర్లుగా, చాలామంది వస్తున్నారు. ప్రమోషన్ దగ్గరే అసలు తేడా. సీనియారిటీ లిస్టుకి ఆడా మగా తేడా లేదు, కానీ ప్రమోషన్ తీసుకుంటే పోస్టింగ్ ఎక్కడో గోదావరి అవతల పడొచ్చు, ఇంట్లో ముసలాళ్ళు, టెన్త్ చదివే పిల్లాడు, పొద్దున్నే వంట, ఇవన్నీ మేడం గారి మీదే ఉంటాయి కాబట్టి వద్దని రాసిచ్చేసి ఉన్న స్కూల్లోనే ఉండిపోతారు, అదే మాస్టారైతే బండేసుకుని వెళ్ళిపోతారు, ఇంటి సంగతి ఆయన్నెవరూ అడగరు. దాన్ని ఆవిడకి ఆసక్తి లేదని చెప్పుకోవడం చాలా అన్యాయం. ప్రైవేటు స్కూళ్ళలో ఇంకా ఘోరం, ఎలాగూ భర్త సంపాదిస్తున్నాడుగా అని మేడం గారికి జీతం తక్కువ ఇస్తారు.