అమెరికాలో ఉన్న తమ్ముడి తరఫున ఫ్లాట్ అమ్మాలంటే పవర్ ఆఫ్ అటార్నీ ఎలా రాయించాలి?

నాన్నగారు పోయారు, కూకట్‌పల్లి ఫ్లాట్ అమ్మాలి, తమ్ముడు డాలస్‌లో ఉన్నాడు, అమ్మగారు మంచం దిగలేరు, నెట్‌లో దొరికిన జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) ఫార్మాట్ మీద ఇద్దరి సంతకాలూ పెట్టించి నోటరీ చేయిస్తే చాలా అని అడిగారు. చాలదండీ. మూడేళ్ల క్రితం మేమూ అలాగే మొదలుపెట్టి ఒకసారి వెనక్కి వచ్చాం కాబట్టి వివరంగా రాస్తున్నాను.

ముందుగా, మీకు కావలసింది జీపీఏ కాదు, స్పెషల్ పవర్. జీపీఏ అంటే తమ్ముడి వ్యవహారాలన్నీ మీ చేతికి ఇచ్చినట్టు. మీ ఇద్దరి మధ్య ఎంత నమ్మకం ఉన్నా, రేపు మరదలో, పిల్లలో చదివినప్పుడు ఆ కాగితం మీద అనుమానం రాకూడదు. ఈ ఒక్క ఫ్లాటు, ఈ ఒక్క అమ్మకం అని రాయించండి. జీపీఏ మీద అమ్మకాలు చెల్లవంటున్నారని కొందరు భయపెడతారు. 2011లో సూరజ్ ల్యాంప్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది వేరు: సేల్ డీడ్ లేకుండా జీపీఏతోనే ఆస్తి చేతులు మారదని. అన్నదమ్ములకో అక్కచెల్లెళ్లకో పవర్ ఇచ్చి, దాంతో సేల్ డీడ్ రాయించుకోవడం సక్రమమేనని అదే తీర్పులో ఉంది.

ఇక మా అనుభవం. మా అన్నయ్య న్యూజెర్సీలో ఉంటాడు. మాకు కాగితం రాసిన డాక్యుమెంట్ రైటర్ పాత నమూనాలో పేర్లు మార్చి ఇచ్చేశారు. పాస్‌పోర్టులో అన్నయ్య ఇంటిపేరు పూర్తిగా ఉంది, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్‌లో ఇనీషియల్ మాత్రమే ఉంది. ఫ్లాట్ నంబరు సరిగ్గానే పడింది కానీ తూర్పు హద్దు దగ్గర 'కారిడార్' అని ఉండాల్సిన చోట 'రోడ్డు' అని ఉంది. కొనేవాళ్ల లాయరు లింక్ డాక్యుమెంట్ (ఫ్లాట్ పాత సేల్ డీడ్) పక్కన పెట్టుకుని వేలితో ఒక్కో లైనూ చూస్తూ అక్కడ ఆగారు. అన్నయ్య మళ్లీ సెలవు పెట్టుకుని సంతకం చేయాల్సి వచ్చింది. మా నాన్న సేల్ డీడ్‌లోని షెడ్యూల్‌ను, అంటే ఆస్తి వివరాల భాగాన్ని, అవిభాజ్య వాటా (స్థలంలో ఫ్లాట్‌కి వచ్చే వాటా) గజాలతో సహా, రెండోసారి అక్షరం పొల్లు పోకుండా ఎక్కించాం. రెండు పేర్లూ ఒకే మనిషివని అలియాస్‌తో రాయించాం.

అధికారాలు కూడా విడివిడిగా రాయించాలి: అమ్మకపు ఒప్పందం చేసుకోవడం, సేల్ డీడ్ మీద సంతకం, దాన్ని సబ్ రిజిస్ట్రార్ ముందు దాఖలు చేసి సంతకం ఒప్పుకోవడం, ఫ్లాట్ అప్పగించడం. 'దాఖలు' అన్న మాట లేకపోతే ఆఫీసులో చిక్కు వస్తుంది. డబ్బు సంగతి మాత్రం మేం పట్టుబట్టి రాయించాం: అన్నయ్య వాటా చెక్కు ఆయన ఎన్‌ఆర్‌ఓ ఖాతాకే (ఎన్‌ఆర్‌ఐలకు ఇక్కడి బ్యాంకులో ఉండే ఖాతా) వెళ్లాలి, నా ఖాతాకి కాదు. ఆ ఒక్క వాక్యం వల్ల ఇంట్లో ఇప్పటిదాకా ఎవరికీ టెన్షన్ లేదు. మీ తమ్ముడు ఎన్‌ఆర్‌ఐ కాబట్టి ఆయన వాటా మీద టీడీఎస్ (కొనేవాళ్లు ముందే పట్టుకుని కట్టే పన్ను) మామూలు 1 శాతం కాదు, ఇంకా ఎక్కువ పడుతుంది. బేరం దగ్గరే సీఏని అడగండి.

అక్కడ సంతకం పెట్టే పద్ధతికి వస్తే, 1908 రిజిస్ట్రేషన్ చట్టం 33వ సెక్షన్ ప్రకారం విదేశాల్లో ఉన్నవాళ్లు అక్కడి నోటరీ ముందు గానీ, మన కాన్సులేట్‌లో గానీ చేయవచ్చు. నోటరీ దారి పడితే అపోస్టిల్ (ఆ నోటరీ అసలైనదేనని అక్కడి ప్రభుత్వం ఇచ్చే ధ్రువీకరణ) కూడా వేయించమనండి. ఏది ఒప్పుకుంటారో మీ సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ముందే కనుక్కోండి. ప్రతి పేజీ మీదా సంతకం ఉండాలి. కాగితం ఇండియాకి చేరాక 3 నెలల్లోపు జిల్లా రిజిస్ట్రార్ ఆఫీసులో స్టాంపు డ్యూటీ కట్టించాలి. కొరియర్ కవరు పారేయకండి. ఎప్పుడు చేరిందని నన్ను అడిగితే, ఆ కవరు మీది తేదీయే చూపించాను.

అమ్మగారి విషయం వేరు. ఆవిడ ఇక్కడే ఉన్నారు కాబట్టి నోటరీ పనికిరాదు, సబ్ రిజిస్ట్రారే ధ్రువీకరించాలి. నడవలేనివాళ్ల కోసం ఆఫీసు వాళ్లు ఇంటికే వచ్చే వీలు చట్టంలో ఉంది, డాక్టర్ సర్టిఫికెట్‌తో అర్జీ పెట్టండి. అయితే ఆవిడకు తాను ఏం రాసిస్తున్నారో తెలిసే స్థితి ఉండాలి. మతిమరుపు బాగా ముదిరి ఉంటే పవర్ చెల్లదు, అప్పుడు లాయరును కలవాల్సిందే.

ఇంకొకటి, ఇచ్చినవాళ్లు పోతే ఇలాంటి పవర్ అక్కడితో ఆగిపోతుంది. అందుకే రిజిస్ట్రేషన్ రోజు పొద్దున కొనేవాళ్ల లాయరు అన్నయ్యతో వీడియో కాల్ చేయించమన్నారు. అక్కడ రాత్రి, అన్నయ్య పాస్‌పోర్టు పట్టుకుని కెమెరా ముందు కూర్చున్నాడు. మీ తమ్ముడికి కూడా ఆ తేదీ ముందే చెప్పి ఉంచండి.