ప్రైవేట్ డాకర్ రిజిస్ట్రీకి బ్యాకప్ అవసరమా? పోతే ఇమేజ్‌లు మళ్లీ బిల్డ్ చేసుకోవచ్చు కదా?

"మళ్లీ బిల్డ్ చేసుకోవచ్చు కదా" అనే మాట వింటే నాకు ఇప్పటికీ గుండె గుభేలుమంటుంది. ఆ మాట నమ్ముకునే 2024 వినాయక చవితి ముందు రోజు రాత్రంతా ఆఫీసులో జాగారం చేశాం.

హైదరాబాద్‌లో మాది చిన్న టీమ్. రిజిస్ట్రీ (ఇమేజ్‌లు, అంటే ప్యాక్ చేసిన సాఫ్ట్‌వేర్, దాచే చోటు), బిల్డ్ రన్నర్ (వాటిని తయారుచేసే ప్రోగ్రామ్) రెండూ ఒకే సర్వర్లో, ఒకే డిస్కు మీద ఉండేవి. రోజూ రాత్రి ఒంటిగంటకు క్రాన్ జాబ్ (టైముకి దానంతటదే నడిచే పని) లేచి, రిజిస్ట్రీ ఫోల్డర్ మొత్తాన్ని ఆర్‌సింక్ అనే కాపీ టూల్‌తో వేరే మిషన్‌కి కాపీ చేసేది. శుక్రవారం మధ్యాహ్నం ఆ డిస్కు పోయింది. సాయంత్రానికల్లా కాపీ తెచ్చి కొత్త మిషన్ మీద రిజిస్ట్రీ లేపాం. ట్యాగ్‌ల (ఇమేజ్ వెర్షన్ల పేర్ల) లిస్టు అడిగితే అన్నీ వచ్చాయి. హమ్మయ్య అనుకున్నాం.

పావుగంట గడిచిందో లేదో, మా టీమ్ కుర్రాడు వచ్చి "అన్నా, బిల్లింగ్ సర్వీస్ ట్యాగ్ కనబడుతోంది గానీ పుల్ అవట్లేదు" అన్నాడు, అంటే ఇమేజ్ డౌన్‌లోడ్ అవట్లేదు. ఆ సర్వీస్ నడిపే ఒక పాడ్ (కుబర్నెటీస్‌లో కంటైనర్ నడిచే యూనిట్) వేరే నోడ్‌కి, అంటే వేరే సర్వర్‌కి మారి, ఇమేజ్ దొరక్క ఇమేజ్‌పుల్‌బ్యాకాఫ్ ఎర్రర్‌లో పడి ఉంది. ఆ ఇమేజ్ ముందు రాత్రి ఒంటిగంట దాటాక పుష్ చేసిన (రిజిస్ట్రీకి ఎక్కించిన) హాట్‌ఫిక్స్, అంటే అర్జెంటు సవరణ. ఇన్వాయిస్‌లలో జీఎస్‌టీ తప్పుగా పడుతుంటే సరిచేసిన వెర్షన్ కాబట్టి పాతదానికి వెళ్లే వీలు లేదు.

సరే, కోడ్ గిట్‌లో ఉంది కదా అని బిల్డ్ కొట్టాం. బేస్ ఇమేజ్ (మా ఇమేజ్‌కి పునాది) సెంట్‌ఓఎస్ 7 అనే లినక్స్. దాని గడువు 2024 జూన్ 30తో ముగిసింది. యమ్ ఇన్‌స్టాల్ (ప్యాకేజీలు దించే కమాండ్) దగ్గరే మిర్రర్‌లిస్ట్ హోస్ట్ దొరకట్లేదని ఎర్రర్. అంతకు ముందు రోజు వరకూ బిల్డ్ ఎలా అయ్యిందంటే, ఆ లేయర్ (బిల్డ్‌లో ఆ అడుగు ఫలితం) రన్నర్ క్యాష్‌లో ఉంది కాబట్టి. ఆ క్యాష్ కూడా అదే డిస్కుతో పోయింది. డాకర్‌ఫైల్ (ఇమేజ్ తయారీ సూచనల ఫైలు) ఉంటే ఇమేజ్ ఉన్నట్టే అనుకునేవాళ్లు ఈ సంగతి ఆలోచించరు. రెండేళ్ల కిందటి డాకర్‌ఫైల్ మీద ఇవాళ బిల్డ్ కొడితే అదే ఇమేజ్ వస్తుందన్న గ్యారంటీ ఏ కోశానా లేదు. బేస్ ఇమేజ్‌కి లేటెస్ట్ అని రాసి వదిలేసే టీమ్‌లకైతే అసలే లేదు.

ఇంతకీ ట్యాగ్ ఉండి ఇమేజ్ ఎందుకు లేదు? రిజిస్ట్రీ ఫోల్డర్ తెరిస్తే లోపల రెండు డైరెక్టరీలు ఉంటాయి: బ్లాబ్స్, రిపాజిటరీస్. అసలు సరుకంతా, అంటే లేయర్లు, మ్యానిఫెస్టులు (ఏ ఇమేజ్‌లో ఏ లేయర్లున్నాయో చెప్పే ఫైళ్లు) బ్లాబ్స్‌లో ఉంటాయి. రిపాజిటరీస్‌లో ఉండేవి వాటిని చూపించే చిన్న చిన్న లింక్ ఫైళ్లు మాత్రమే. ట్యాగ్‌ల లిస్టు అడిగితే రిజిస్ట్రీ ఈ రెండోదాన్నే చూసి చెబుతుంది. ఆర్‌సింక్ అక్షర క్రమంలో పోతుంది కాబట్టి ముందు బ్లాబ్స్ కాపీ అయ్యాయి. అవి అయ్యాక మావాళ్లు పుష్ చేశారు. తర్వాత రిపాజిటరీస్ కాపీ అయ్యేటప్పుడు కొత్త లింక్ వచ్చేసింది, దాని వెనక సరుకు మాత్రం రాలేదు.

చివరికి మమ్మల్ని కాపాడింది ఆ హాట్‌ఫిక్స్ అప్పటికే నడుస్తున్న ఇంకో నోడ్. తెల్లవారుజామున అందులోకి వెళ్లి, కంటైనర్‌డీ (కంటైనర్లు నడిపే ప్రోగ్రామ్) నుంచి ఇమేజ్‌ని టార్ ఫైల్‌గా ఎక్స్‌పోర్ట్ చేసి రిజిస్ట్రీకి ఎక్కించాం. వాడుకలో ఉన్న ఇమేజ్‌ని కుబెలెట్ (నోడ్ మీదుండే కుబర్నెటీస్ ఏజెంట్) తీసేయదు కాబట్టి దొరికింది. ఆ పాడ్ కూడా మారి ఉంటే ఏం చేసేవాళ్లమో తలుచుకుంటే ఇప్పటికీ టెన్షనే.

అప్పటి నుంచి మా క్రాన్ ముందు రిపాజిటరీస్ కాపీ చేస్తుంది, ఆ తర్వాతే బ్లాబ్స్. పుష్‌లో లేయర్లు ముందు, ట్యాగ్ చివర కాబట్టి, ఈ వరసలో కాపీ చేస్తే ప్రతి లింక్ వెనకా సరుకు ఉంటుంది. ఆ సమయంలో గార్బేజ్ కలెక్షన్ (వాడుకలో లేని బ్లాబ్స్‌ని తుడిచే పని) మాత్రం నడవకూడదు. ఇంకా నిశ్చింతగా ఉండాలంటే కాన్ఫిగ్‌లో రీడ్‌ఓన్లీ పెట్టి రిజిస్ట్రీని రీస్టార్ట్ చేసి కాపీ చేయండి. పుల్స్ నడుస్తాయి, పుష్‌లే ఆగుతాయి. కాన్ఫిగ్ ఫైలు, హెచ్‌టీపాస్‌వర్డ్ ఫైలు, టీఎల్ఎస్ సర్టిఫికెట్లు కూడా కాపీలో ఉండాలి. హార్బర్ అనే రిజిస్ట్రీ సాఫ్ట్‌వేర్ వాడుతుంటే పోస్ట్‌గ్రెస్ డేటాబేస్, సీక్రెట్ కీ లేకుండా బ్లాబ్స్ ఒక్కటే ఉంచుకుంటే పని జరగదు.

"మాకు రెప్లికేషన్ ఉంది" అనేవాళ్లతో నాకు ఎప్పుడూ పేచీయే. రెప్లికేషన్ అంటే ఇంకో రిజిస్ట్రీకి కాపీ దానంతటదే వెళ్లడం. అక్కడ డిలీట్ చేస్తే ఇక్కడా డిలీట్ అయ్యేలా పెట్టుకున్నదాన్ని బ్యాకప్ అని ఎలా అంటారు?

నెలకోసారి ఖాళీ వీఎం మీద ఆ కాపీతో రిజిస్ట్రీ లేపి, స్కోపియో అనే టూల్‌తో ప్రతి ట్యాగ్‌నీ నిజంగా పుల్ చేయిస్తాం. ప్రతి బ్లాబ్ ఫోల్డర్ పేరూ లోపలి డేటా ఫైలు ఎస్‌హెచ్‌ఏ256 విలువే (డేటా నుంచి లెక్కగట్టే వేలిముద్ర లాంటిది) కాబట్టి, పాడైన ఫైలు ఏదో చిన్న స్క్రిప్టుతోనే దొరికిపోతుంది. మాకు మొదటిసారే రెండు దొరికాయి.